బధిరుల క్రీడలు: మన మైదానాల్లో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: డెఫ్లింపిక్స్ అంటే పారాలింపిక్స్‌లో ఒక విభాగం.

కాదు. డెఫ్లింపిక్స్ అంటే బధిరుల ప్రపంచ క్రీడలు, పారాలింపిక్స్ ఇతర దివ్యాంగులవి. వయసులో డెఫ్లింపిక్సే పెద్దది. బధిరుడైన ఫ్రెంచి క్రీడాభిమాని యూజీన్ రుబెన్స్ ఆల్కే చొరవతో 1924లో పారిస్‌లో తొమ్మిది దేశాలతో మొదలైంది. తొలి పారాలింపిక్స్ 1960 నాటివి. అంతర్జాతీయ బధిర క్రీడా సంఘం కొన్నాళ్లు పారాలింపిక్ కమిటీతో కలిసి నడిచి, 1995లో బయటికొచ్చేసింది. డెఫ్లింపిక్స్ అన్న పేరు 2001 నుంచే. మన దేశం 1965 వాషింగ్టన్ పోటీలతో బరిలో దిగింది. ఇక్కడి జట్లను పంపేది ఆలిండియా స్పోర్ట్స్ కౌన్సిల్ ఆఫ్ ది డెఫ్. వినపడని అమలాపురం కుర్రాణ్ణి పారా సెలక్షన్స్‌కి తీసుకెళ్తే తిప్పి పంపేది అందుకే. అక్కడ వినికిడి లోపానికి విభాగమే లేదు.

అపోహ: సదరం (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఉంటే చాలు.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. సర్టిఫికెట్‌లో ఉండేది వైకల్య శాతం, పోటీకి చూసేది డెసిబెల్స్, అంటే ఎంత గట్టిగా మోగితే వినపడుతుందో చెప్పే కొలత. మెరుగ్గా వినే చెవిలో 500, 1000, 2000 హెర్ట్జ్‌ల (శబ్దం ఎంత సన్ననిదో, బొంగురుదో చెప్పే అంకెలు) దగ్గర వచ్చిన అంకెల సగటు కనీసం 55 ఉండాలి. ఎడమ చెవిలో 45, 50, 55 వచ్చాయనుకోండి, సగటు 50. కుడి చెవి బొత్తిగా వినపడకపోయినా అర్హత లేదు. అదే రెండు చెవుల్లోనూ 57 ఉన్న అమ్మాయికి ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మాత్రం 60 డెసిబెల్స్ నుంచే లెక్కలోకి తీసుకుంటుంది.

ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్షలో) ఎయిర్ కండక్షన్ (చెవి రంధ్రం ద్వారా వినే పరీక్ష)తో పాటు బోన్ కండక్షన్ (ఎముక ద్వారా వినే పరీక్ష), టింపనోమెట్రీ (కర్ణభేరి కదలిక పరీక్ష) కూడా చేయించండి. కాలవలో ఈతకొట్టి చెవి కారుతున్న పిల్లలకు ఆ రోజు లోపం ఎక్కువగా చూపిస్తుంది. బోన్ కండక్షన్ బాగుంటే, లోపం లోపలి చెవిది కాదన్న గుట్టు బయటపడిపోతుంది. గుబిలి తీయించి, చెవి ఆరాకే పరీక్షకు వెళ్లడం మేలు.

అపోహ: చెవి మిషన్‌తో ఆడొచ్చు.

మైదానంలోకి దిగాక వార్మప్‌లో కూడా అది పెట్టుకోకూడదు. అలవాటు కోసం ముందునుంచే మిషన్ తీసేసి ప్రాక్టీసు చేయించాలి.

అపోహ: పరుగుపందెంలో పిస్టల్ బదులు జెండా ఊపితే సరి.

పక్కన నిలబడి జెండా ఊపితే, అది చూడ్డానికి రన్నర్ తల ఎత్తుతాడు, నడుము దిగుతుంది, స్టార్ట్ అక్కడే పోతుంది. అంతర్జాతీయ పోటీల్లో ప్రతి లేన్‌లో స్టార్టింగ్ బ్లాకుల (పాదాలు ఆనించే దిమ్మల) ముందు నేలమీదే దీపాలుంటాయి. ఎరుపు వెలిగితే ఆన్ యువర్ మార్క్స్, పసుపుకి సెట్, ఆకుపచ్చకి పరుగు. మూడు ఎల్ఈడీలు, ఒక స్విచ్‌బోర్డుతో మనమూ చేసుకోవచ్చు. కాకినాడ ఎండకి ఆకుపచ్చ కనపడదు, చుట్టూ నల్లరంగు డబ్బా తొడగాలి.

ఇక కబడ్డీ. మన కుర్రాళ్లు దానిమీదే ఆశ పెట్టుకుంటారు గానీ, డెఫ్లింపిక్స్‌లో అది లేదు. వాలీబాల్, బ్యాడ్మింటన్, కుస్తీ ఉన్నాయి. 2022లో బ్రెజిల్‌లో మనకొచ్చిన 16 పతకాల్లో కర్నూలు అమ్మాయి జాఫ్రీన్ టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో సాధించిన కాంస్యం కూడా ఉంది.