పిండి పిసికితే అడుగులు

చి. బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మాట రెండుసార్లు విన్నాను. మీ అమ్మ పీట మీద కూచుని చపాతీ పిండి పిసుకుతుంటే నడక లెక్కపెట్టే చేతి బ్యాండు మూడు వందల అడుగులు చూపించిందా! "అది అబద్ధాలాడుతోందా తాతయ్యా?" అన్నావు. ఫోన్లో చెబితే తేలే సంగతి కాదని కాగితం తీశాను.

మీ బాబాయి కొనిచ్చిన పాత బ్యాండు నా సొరుగులో మూలుగుతోంది. నిన్న అమ్మమ్మ డ్రయ్యరుతో వేడిచేసి, జిగురు మెత్తబడ్డాక బ్లేడుతో మూత లేపాను. లోపల ఉన్నదంతా కలిపి రెండు చెంచాలకు మించదు. తెర, వెండి రేకు చుట్టిన పలచని బ్యాటరీ, వేలిగోరు వెడల్పు బోర్డు. (బ్యాటరీ జోలికి మీరు పోవద్దు. గుచ్చితే మంట లేస్తుంది. ఉబ్బినదైతే అసలు తాకొద్దు.)

దీన్నొక ఊరనుకోండి. మా చిన్నప్పుడు ఊరికి కరణం, తలారి ఉండేవాళ్లు. 1984లో కరణం ఉద్యోగాలు రద్దయ్యాయి కాబట్టి మీకు తెలీదు. తలారి ఊరంతా తిరిగి చూసొచ్చి చెబుతాడు, కరణం లెక్క రాస్తాడు. బోర్డు మధ్య ఆరు మిల్లీమీటర్ల నల్ల పలక ఉంది, అదే కరణం. భూతద్దం పెడితే ఎన్52832 అని కనిపించింది. నార్వే దేశపు నార్డిక్ కంపెనీ చిప్పు. సెకనుకు 6 కోట్ల 40 లక్షల టిక్కులతో నడుస్తుంది, బ్లూటూత్ రేడియో కూడా దాని కడుపులోనే. అయినా ఎక్కువ భాగం నిద్రే. అందుకే అంత చిన్న బ్యాటరీ రోజుల తరబడి వస్తుంది. మా కరణంగారూ మధ్యాహ్నం అరుగు మీద అంతే.

పక్కనున్న బుల్లి పలక తలారి. దానిలో సిలికాన్‌తో చేసిన దువ్వెన పళ్లు సన్నని స్ప్రింగుల మీద వేలాడుతుంటాయి. బస్సు బ్రేకు వేస్తే మనం తూలుతామే, చెయ్యి కదిలితే అవీ అలా తూలతాయి. పళ్ల మధ్య ఎడం మారితే వాటి మధ్య నిలిచే విద్యుత్తూ మారుతుంది. తలారికి తెలిసింది అంతే బుజ్జీ, చెయ్యి ఊగిందని. నడిచిందో పిండి పిసికిందో వాడు చూడలేదు. ఊపు ఒక వరసలో వస్తే కరణం "అడుగు" అని రాసేస్తాడు. అబద్ధం కాదు, తొందరపాటు. మనుషులం మనమూ చేస్తాం.

ఇక బియ్యపు గింజలో సగమంత డబ్బీ ఒకటుంది, బ్యాండుకు గడియారం అదే. కరణం పడుకున్నా అది పడుకోదు. లోపలి క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు వణుకుతుంది. ఎందుకా అంకె? దాన్ని సగం చేస్తూ పోండి, పదిహేనోసారికి ఏమొస్తుందో చూడండి.

నాకు పదేళ్లప్పుడు మా నాన్నగారి కీ వాచీ వెనక మూత తీశాను. దానిలో చక్రం సెకనుకు అటూఇటూ కలిపి ఐదు ఊపులు ఊగేది. వెంట్రుకంత స్ప్రింగు టప్పున ఎగిరి వడ్లబస్తాల సందులో పడింది. నాన్నగారు ఒక్క మాట అనలేదు. నెల్లాళ్లు ఆగిపోయిన వాచీయే పెట్టుకు తిరిగారు. ఎవరైనా టైమెంతని అడిగితే నా వైపు చూసేవారు. కొట్టినా బాగుండేది. విప్పేవి విప్పండి గానీ, ముందు అడిగి విప్పండి.

కరణం లెక్కలు తాలూకా జమాబందీకి, అంటే ఏటా జరిగే లెక్కల తనిఖీకి, వెళ్లాలి కదా, మన తాలూకా ఫోను. కానీ ఇక్కడ బండీ లేదు, మనిషీ లేడు. బోర్డు అంచున మెలికల ముగ్గులాంటి రాగి గీత ఒకటుంది, అదే యాంటెన్నా. గీతే సుమా! ఆ ముగ్గు లోంచి మాట బయల్దేరి గోడ దాటి పక్క గదిలో ఫోనుకు చేరుతుంది. దీనికి మా ఊళ్లో పోలిక దొరకలేదు. రాత్రి చాలాసేపు దాన్నే చూస్తూ కూచున్నాను.

వెనక పచ్చదీపం నాడి చూడ్డానికి. రక్తం పచ్చ వెలుగును మింగేస్తుంది. గుండె కొట్టినప్పుడల్లా చర్మం కింద రక్తం పెరిగి, తిరిగొచ్చే వెలుగు ఒక్క రవ్వ తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్నే కరణం లెక్కపెడతాడు. ఎంత నమ్మొచ్చో మీరే తేల్చండి. అమ్మ బ్యాండు అడిగి తీసుకుని అరటిపండుకు బిగించి కట్టండి, గుండె లెక్క చూపించమనండి. అంకె వస్తే ఎంతో, పండు పచ్చిదో మాగిందో రాయండి.

తర్వాత పండు చెరి సగం తినండి. చిన్నా, నువ్వే మొత్తం లాగించకు.

మీ
తాతయ్య