రోజూ నీళ్ళు పోస్తే మనీ ప్లాంట్ ఎందుకు వాడిందంటే

చిన్నోడా, బుజ్జమ్మా,

నిన్న వీడియో కాల్‌లో మనీ ప్లాంట్ కుండీ చూపించి రోజూ నీళ్ళు పోస్తున్నాం అమ్మమ్మా అయినా ఆకులు పసుపైపోతున్నాయి అన్నారు కదా, రోజూ పోశారు కాబట్టేనర్రా! ఫోన్లో చెప్తే సగమే వింటారని రాస్తున్నా.

వేళ్ళకి కూడా గాలి కావాలి. మట్టిలో సందులుంటాయి కదా వాటిల్లో గాలి ఉంటుంది, మీరు రోజూ చెంబుడు పోస్తుంటే ఆ సందులన్నీ నీళ్ళతో నిండిపోయి వేళ్ళు గాలాడక కుళ్ళిపోతాయి, కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు, దాంతో పైన ఆకులు వాడతాయి, అయ్యో వాడిందని మీరు ఇంకో చెంబు పోస్తారు. ఇక నుంచి వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చి చూడండి, పొడిగా తగిలితేనే పొయ్యండి. పోసినప్పుడు మాత్రం కింద చిల్లులోంచి కారేదాకా పోసి, పళ్ళెంలో చేరింది పారబొయ్యండి.

దీని సొంతూరు పసిఫిక్ సముద్రంలో తహితి పక్కన మోరియా అని ఓ చిన్న దీవి. అక్కడ పెద్ద చెట్ల నీడలో, మానులు పట్టుకుని పైకి పాకే తీగ ఇది. కాబట్టి వెలుతురు బాగా కావాలి గానీ మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా పడితే ఆకు మాడిపోద్ది, ఏసీ గాలి కూడా మీద కొట్టకూడదు. మా వీధిలో కొబ్బరిచెట్టుకి పాకినదాని ఆకులు చేటలంత ఉన్నాయి తెలుసా, మీ ఇంట్లోవి అరచేతిలో సగం, రెండూ ఒకటే మొక్క! పాకడానికి ఏదైనా దొరికితేనే ఆకు పెద్దదవుద్ది, ఓ కర్రకి కొబ్బరిపీచు చుట్టి కుండీలో పాతండి.

ఇప్పుడున్నదాన్ని బయటికి తీసి నల్లగా మెత్తబడ్డ వేళ్ళు కత్తిరించేసి కొత్త మట్టిలో పెట్టండి. మట్టి సగం, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) సగం, ఓ రెండు గుప్పెళ్ళు వర్మీ కంపోస్ట్ (వానపాముల ఎరువు), మా కడియం నర్సరీల నుంచి నేను తెచ్చే మొక్కలకి కూడా ఇంతే చేస్తా. బాగున్న తీగ ముక్కొకటి సీసాలో కూడా వెయ్యండి, కణుపు, అంటే తీగకి ఆకు అతుక్కున్న చోటు, నీళ్ళలో మునగాలి ఎందుకంటే వేరు పుట్టేది అక్కడే, ఉత్తి ఆకు పెడితే మొక్క రాదు. దొంగతనంగా తెస్తేనే కలిసొస్తుందంటారు గానీ ఆ వంకతో పక్క ఫ్లాట్ వాళ్ళది తెంపకండి, అడిగితే ఇస్తారు.

స్నేక్ ప్లాంట్‌కైతే రోజూ నీళ్ళు అసలు పొయ్యొద్దు, అది ఆకుల్లోనే నీళ్ళు దాచుకుంటుంది, రెండు మూడు వారాలకోసారి చాలు.

ఇంకోటి, కంద కోస్తే చేతులు దురదపెడతాయి చూశారా, మనీ ప్లాంటూ ఆ కుటుంబమే, నమిలితే నోరంతా మంట. మీ పిల్లిపిల్లకి అందకుండా పైన పెట్టండి.

ఆదివారం కాల్ చేసినప్పుడు సీసాలో వేళ్ళొచ్చాయో లేదో చూపించండి.

అమ్మమ్మ