మాడు మూసుకునేలోపు

మా హన్మకొండ వీధిలో నెలన్నర పాప ఉంది. మొన్న సాయంత్రం వాళ్ల నాయనమ్మ మా గేటు దగ్గర ఆగింది. "సారూ, పాప తల జర జల్దిన పెరుగుతున్నదని డాక్టరమ్మ టేపుతోని కొలిచి స్కానింగ్ రాసింది. మాడు మీదనే మిషిన్ పెడ్తరట. లేత మాడు, కిరణాలు లోపలికి పోతే ఎట్ల? కడుపుల ఉన్నప్పుడు టిఫా స్కానింగ్ చేస్తే అంత మంచిగనే ఉందన్నరు గద?"

కిరణాలు కావమ్మా, చప్పుడు అన్నాను. ఆమె నమ్మలేదు. తప్పు మాదే. ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పాను. అతిధ్వనులు, అంటే మన చెవికి అందని సన్నని చప్పుళ్లు, అనగానే గబ్బిలం, డాల్ఫిన్, జలాంతర్గామి అని రెండు మార్కులకు సరిపడా చెప్పి వదిలేశాం. పసిపిల్ల మాడు ఒక్కనాడూ పాఠంలోకి రాలేదు.

మన దిక్కు వ్యవసాయ బావి గట్టున నిలబడి "ఓయ్" అని అరవండి. నీళ్లు 17 మీటర్ల లోతున ఉంటే, ఆ కేక సెకనులో పదో వంతుకు తిరిగొస్తుంది. అంటే గడియారం ఉంటే చాలు, తాడు వేయకుండానే లోతు చెప్పొచ్చు. స్కానింగ్ యంత్రం చేసేదీ ఇదే. దాని కొసన ఉన్న స్ఫటికాలు ఒక్క కూత కూసి, వెంటనే నోరు మూసుకుని చెవి ఒగ్గుతాయి. ఒంట్లో శబ్దం సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది కాబట్టి, సెంటీమీటరు లోతు నుంచి 13 మైక్రోసెకన్లలో జవాబు వస్తుంది. గట్టిగా వచ్చిన జవాబుకు తెల్ల చుక్క, మెల్లగా వచ్చిన దానికి బూడిద చుక్క. అసలు రాకపోతే నలుపు. బావిలో ఒడ్డు రాళ్లు జవాబిస్తాయి గానీ మధ్యలోని ఖాళీ ఏం జవాబిస్తుంది? మెదడు గదుల్లోని నీరూ అలాగే మౌనంగా ఉంటుంది. అందుకే నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపు ఉండాల్సినదానికన్నా ఉబ్బి ఉంటే తలలో నీరు చేరి ఉండొచ్చన్నమాట.

మరి మన "ఓయ్" సరిపోదా? సరిపోదు. 340 హెర్ట్‌జ్ (అంటే సెకనుకు 340 కంపనాలు) కేకకు గాలిలో తరంగం పొడవు ఒక మీటరు. దానితో బావి తెలుస్తుంది గానీ బావిలోని కప్ప తెలియదు. 75 లక్షల హెర్ట్‌జ్ దగ్గర, ఒంట్లో ఆ పొడవు 0.2 మిల్లీమీటర్లకు దిగుతుంది. కూత సన్నబడేకొద్దీ తొందరగా అలసిపోతుంది, లోతుకు పోలేదు. పసిబిడ్డ ఒళ్లే చిన్నది కాబట్టి ఆ బాధ తక్కువ.

ఇప్పుడు ఆ బావి మీద బండ పరిచామనుకోండి. పుర్రె ఎముక అలాంటి బండే. శబ్దాన్ని అడ్డుకునే గుణాన్ని అంకెల్లో చెబితే మెత్తటి కండకు 1.6, గట్టి ఎముకకు దాదాపు 7. తేడాను మొత్తంతో భాగించి వర్గం చేస్తే దాదాపు 0.4. అంటే గడప దగ్గరే నూటికి నలభై పాళ్లు వెనక్కి పోతుంది. మిగిలినదాంట్లో చాలా భాగాన్ని ఎముక మింగేస్తుంది. తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే సుంకం. పసిపిల్ల మాడు ఆ బండల మధ్య సందు. అందులోంచి నడిమి భాగం చక్కగా కనిపిస్తుంది. బండ కిందికి నక్కిన మూలలు కనిపించవు. అనుమానం అక్కడుంటే ఎంఆర్ఐ తప్పదు.

ఈ సందు చాలామంది పిల్లల్లో ఏడాది, ఏడాదిన్నర మధ్య మూసుకుంటుంది. వెన్నులోకి చూసే ఇలాంటి సందు ఇంకా ముందే మూసుకుంటుంది. నడుము కింద లోతైన గుంటో వెంట్రుకల కుచ్చో ఉంటే వెన్నుపాము కిందికి అతుక్కుని ఉందేమో చూడాలి. అది మూడు నాలుగు నెలల్లోపు చూస్తేనే బాగా కనిపిస్తుంది, ఆ తర్వాత వెన్నుపూసలు గట్టిపడతాయి. తుంటి కీలుకు గడువు సుమారు ఆరు నెలలు. తొడ ఎముక గుండు అప్పటిదాకా చాలావరకు మృదులాస్థే. ఎక్స్‌రేకు అది కనిపించదు, శబ్దానికి కనిపిస్తుంది. అది కూర్చునే గిన్నె ఎంత లోతుందో కోణం గీసి కొలుస్తారు. 60 డిగ్రీలు, ఆపైన ఉంటే నిశ్చింత. బిడ్డను కాళ్లు ఎడంగా పెట్టి చంకనెత్తుకునే మన అలవాటు ఈ కీలుకు మంచిది. కాళ్లు చాపి బిగించి గుడ్డ చుట్టడం మంచిది కాదు. స్నానం పోశాక కాళ్లు పట్టి తలకిందులుగా ఊపడమైతే ఇక మానేయండి.

టిఫా సంగతి. అది కడుపులోని బిడ్డ అవయవాలను చూసే స్కానింగ్, ఐదో నెల నాటి ఫోటో. కొన్ని లోపాలు ఆ తర్వాత బయటపడతాయి. గుండె దగ్గర ఒక రక్తనాళం కడుపులో ఉన్నప్పుడు తెరుచుకునే ఉండాలి, పుట్టాక మూసుకోవాలి. మూసుకోలేదన్న సంగతి ఐదో నెలలో ఎలా తెలుస్తుంది? పాలు తాగిన బిడ్డ మూడో వారం నుంచి దూరంగా చిమ్మినట్టు కక్కుతుంటే, జీర్ణాశయం చివరి కండరం మందమైందేమో చూస్తారు. 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానమే.

"గ్రహణం నాడు బయట తిరిగిందా కోడలు?" అని పక్కింటావిడ అడిగిందట. పెదవి చీలికకు మనవాళ్లు గ్రహణం మొర్రి అని పేరే పెట్టారు. పైపెదవి అతుక్కునేది గర్భం రెండో నెలలో. అప్పటికి చాలా ఇళ్లలో కడుపుతో ఉన్న సంగతే తెలియదు, గ్రహణానికి మాత్రం తెలిసిపోయిందట!

చివరికి నాయనమ్మ అసలు ప్రశ్న అడిగింది. "మాడుకు ఆముదం పెట్టిన, తుడువాల్నా?" తుడవండి, అక్కడ జెల్ రాస్తారు అన్నాను. యంత్రానికీ చర్మానికీ మధ్య సన్నని గాలి పొర ఉన్నా, నూటికి 99 పాళ్లకు పైగా శబ్దం అక్కడే వెనక్కి తిరిగిపోతుంది. జెల్ పని ఆ గాలిని తరిమేయడం. తొలినాళ్లలో జెల్ బదులు ఆలివ్ నూనె పూసేవారు. అది చెప్పగానే ఆమె కోడలి వైపు తిరిగింది. "ఇన్నవా, వాళ్లు గూడ నూనెనే పెట్టిండ్రట."