అడుగు మూత విప్పితే తెలిసే సంగతులు: తక్కువ ధర ల్యాప్‌టాప్‌లపై అపోహలు - వాస్తవాలు

రిపేరుకు వచ్చిన ల్యాప్‌టాప్‌ను నేను ముందు బోర్లా పెడతాను. మూత విప్పగానే ఏది స్క్రూ తీస్తే ఊడుతుందో, ఏది బోర్డుకే అతికి ఉందో తెలిసిపోతుంది. తక్కువ బడ్జెట్‌లో కొనేవారు చూసుకోవలసిందీ అదే. దుకాణంలో మాత్రం అందరి కళ్లూ కీబోర్డు కింద అంటించిన ప్రాసెసర్ స్టిక్కర్ మీదే ఉంటాయి.

అపోహ: ఇంటెల్ ప్రాసెసర్లలో ఐ7 ఎప్పుడైనా ఐ3 కన్నా మేలే.

ఇంజినీరింగ్‌లో చేరిన కూతురి కోసం కొన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌ను ఒక తండ్రి తీసుకొచ్చారు. "ఐ7 అని చెప్పి ఇచ్చారండీ, నత్తలా నడుస్తోంది" అన్నారు. చూస్తే ఐ7-7500యూ. 2016 నాటిది, 2 కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు). 2022లో వచ్చిన ఐ3-1215యూలో 6 కోర్లున్నాయి. గీత తర్వాతి అంకెలే తరాన్ని చెబుతాయి: 7500 అంటే ఏడో తరం, 1215 అంటే పన్నెండో తరం. ఒకటి రెండు మినహాయింపులు తప్ప విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా ఉండాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇదంతా ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లయిన రైజెన్‌లో తిరకాసు ఇంకోలా ఉంటుంది. రైజెన్ 5 7520యూ, 7530యూ పక్కపక్కనే పెట్టి అమ్ముతారు. పదేగా తేడా అనుకుంటాం. అక్కడ చూడవలసింది మూడో అంకె. అది ప్రాసెసర్ డిజైన్ తరాన్ని చెబుతుంది. 7520లో 2 అంటే జెన్ 2, అంటే 2019 నాటి డిజైన్, 4 కోర్లు. 7530లో 3 అంటే జెన్ 3, 6 కోర్లు.

అపోహ: ఇప్పటికి 8 జీబీ ర్యామ్ చాలు, తర్వాత పెంచుకోవచ్చు.

స్లాట్ ఉంటే పెంచుకోవచ్చు. సన్నటి మోడళ్లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డరింగ్ చేస్తారు. ఇందాకటి 7520యూ పనిచేసేదే అలాంటి ర్యామ్‌తో. దుకాణంలో డెమో పీసు మీద టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కండి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర సోడిమ్ అని ఉంటే అది ఊడే ర్యామ్. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అతికినదే. అలాంటప్పుడు 16 జీబీ ఇప్పుడే తీసుకోండి, లేదా ఇంకో మోడల్ చూడండి.

64 జీబీ ఈఎంఎంసీ (చవక రకం ఫ్లాష్ మెమరీ) స్టోరేజ్ ఉన్న చవక మోడళ్లనైతే తాకవద్దంటాను. విండోస్ 11కు కావలసిన కనీస స్టోరేజే 64 జీబీ. ఈఎంఎంసీ కూడా బోర్డుకే అతికి ఉంటుంది.

అపోహ: స్టోరేజ్ 512 జీబీ అని రాసి 476 జీబీ ఇచ్చారంటే మోసమే.

కాదు. కేబీ నుంచి ఎంబీకి, ఎంబీ నుంచి జీబీకి వెళ్లేటప్పుడు కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో లెక్కిస్తుంది.

అపోహ: రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మేది) అంటే పనికిరాని సరుకు.

నా మటుకు నేను కొత్త చవక ప్లాస్టిక్ మోడల్ కన్నా, ఆఫీసుల నుంచి వచ్చిన ఎనిమిదో తరం బిజినెస్ మోడల్‌కే ఓటు వేస్తాను. థింక్‌ప్యాడ్ టీ480నే తీసుకోండి, రెండు ర్యామ్ స్లాట్లుంటాయి. చవక వాటిలో హింజ్‌ను (స్క్రీన్ మడత బందును) పట్టుకునేవి ప్లాస్టిక్‌లో దిగ్గొట్టిన చిన్న ఇత్తడి నట్లు. స్క్రీన్‌ను ఒక మూల పట్టి తెరిచే అలవాటుంటే కొన్నాళ్లకు నట్టుతో సహా ప్లాస్టిక్ పెళ్లగించుకొస్తుంది. వారంలో అలాంటివి రెండు మూడైనా నా బల్ల మీదికి వస్తాయి.

అయితే రీఫర్బిష్డ్ కొనేముందు బయోస్ (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్) తెరిపించి చూడండి, పాత కంపెనీ పాస్‌వర్డ్ ఉంటే వదిలేయండి. విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్ట్‌లో డిజైన్ కెపాసిటీకీ (కొత్తలో ఉన్న సామర్థ్యం) ఫుల్ చార్జ్ కెపాసిటీకీ (ఇప్పుడున్నది) ఎంత తేడా ఉందో చూసి, సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి.

స్క్రీన్ గురించి ఒక్క మాట: 45% ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ చూపగల రంగుల కొలత) అని ఉంటే రంగులు వెలిసిపోయినట్లు కనిపిస్తాయి. చదువుకు ఫరవాలేదు, ఫొటోల పనికి వద్దు.

ఆ తండ్రి ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టాను, ఖాళీ స్లాట్‌లో ఇంకో 8 జీబీ ర్యామ్ వేశాను, విండోస్ బదులు ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. ఆ అమ్మాయి ఇప్పుడు దాని మీదే పైథాన్ నేర్చుకుంటోంది. స్టిక్కర్ మాత్రం పీకేసిందట.