నేరస్థలం నుంచి ల్యాబు దాకా: భౌతిక ఆధారాలపై అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో ఫోరెన్సిక్ పనిలో ఉన్న నన్ను అందరూ అడిగేది యంత్రాల గురించే. ఆధారం ఆ యంత్రం దగ్గరకు చేరేలోపు ఏమవుతుందని అడిగేవారు అరుదు. ఫలితం చాలావరకు అక్కడే, ఆధారాన్ని ఎత్తి కవరులో పెట్టే సమయంలోనే, తేలిపోతుంది.

అపోహ: రక్తం అంటిన బట్టలను ప్లాస్టిక్ కవరులో గట్టిగా మూసిపెడితే భద్రంగా ఉంటాయి.

వాస్తవం: తడి బట్టకు పాలిథిన్ కవరు చేసినంత చేటు మరొకటి చేయదు. చెమ్మ బయటికి పోయే దారి లేక లోపల బూజు, బాక్టీరియా పెరిగి డీఎన్ఏను ముక్కలు చేస్తాయి. గాలిలో ఎప్పుడూ తేమ ఉండే మన తీరంలో, అందునా వానాకాలంలో, ఇది మరీ త్వరగా జరుగుతుంది. అందుకే అలాంటి బట్టను ఎండ తగలని, రాకపోకలు లేని గదిలో శుభ్రమైన కాగితంపై పూర్తిగా ఆరనిచ్చి, ఒక పొర మరక మరో పొరకు అంటకుండా మడతల మధ్య కాగితం పెట్టి, దేనికది వేరే కాగితపు కవరులో సీలు చేయాలి. హతుడి చొక్కా, నిందితుడి చొక్కా ఒకే సంచిలో వచ్చాయంటే, ఒకదాని మీది రక్తం రెండోదానికి నేరస్థలంలో అంటిందో, సంచిలో అంటిందో చెప్పగల పరీక్ష లేదు. అలాగని అన్నిటికీ కాగితపు కవరు పనికిరాదు. ఇల్లు తగలబెట్టిన కేసులో కాలిన గుడ్డలో మిగిలిన పెట్రోలు, కిరోసిన్ ఆవిరైపోతాయి కనుక దాన్ని గాలి చొరబడని డబ్బాలోనే పెట్టాలి.

అపోహ: రక్తపు జాడ వెతికే రసాయనం లూమినాల్ చల్లినప్పుడు నీలంగా వెలిగిన ప్రతిచోటా రక్తం ఉన్నట్టే.

వాస్తవం: హిమోగ్లోబిన్‌లోని ఇనుము ఆ వెలుగుకు కారణమయ్యే మాట నిజమే కాని, బ్లీచింగ్ పౌడరు, రాగి, కొన్ని కూరగాయల్లోని పెరాక్సిడేజ్ ఎంజైములు కూడా అదే పని చేస్తాయి. బ్లీచింగ్‌తో కడిగిన బాత్రూమ్ నేల అంతా వెలగవచ్చు. ఎక్కడ వెతకాలో మాత్రమే లూమినాల్ చెబుతుంది. అది రక్తమా, మనిషిదా, ఎవరిది అన్నవి ఆ తర్వాత విడివిడిగా తేల్చాల్సిన ప్రశ్నలు.

అపోహ: నీళ్లలో పడిన వస్తువుపై వేలిముద్రలు మిగలవు.

వాస్తవం: చెమటలోని లవణాలు కరిగిపోయినా చర్మపు జిడ్డు కొంత మిగలవచ్చు. నీటిలో కలిపిన మాలిబ్డినం డైసల్ఫైడ్ రేణువులు తడి ఉపరితలంపైనే ఆ ముద్రను పట్టి చూపగలవు. దొరికిన కత్తిని ఎవరో చేతిరుమాలుతో తుడిచి ఇస్తే మాత్రం చేయగలిగింది లేదు.

అపోహ: సముద్రంలో శవం దొరికితే మునిగి చనిపోయినట్టే, కాదంటే డయాటమ్ పరీక్ష తేల్చేస్తుంది.

వాస్తవం: చంపి నీళ్లలో పడేయడమూ ఉంది. డయాటమ్‌లు సిలికా పెంకు గల సూక్ష్మ శైవలాలు. ప్రాణంతో ఉన్న మనిషి నీరు పీల్చినప్పుడు అవి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి ఎముక మజ్జ దాకా చేరగలవు. అందుకే తొడ ఎముక మజ్జను ఆమ్లంలో కరిగించి, మిగిలిన పెంకులను సూక్ష్మదర్శినిలో చూస్తారు. శవం దొరికిన చోటి నీటి నమూనా జతగా పంపకపోతే ఈ శ్రమకు అర్థం లేదు. ఆర్కే బీచ్‌లో దొరికిన శవం మజ్జలో ముడసర్లోవ వంటి మంచినీటి జలాశయంలో ఉండే రకాలు కనిపిస్తే దర్యాప్తు దిశే మారుతుంది. అయితే డయాటమ్‌లు కనిపించనంత మాత్రాన మునగలేదని చెప్పకూడదు. దీన్ని పోస్ట్‌మార్టమ్ పరిశీలనలకు తోడు సాక్ష్యంగా చూడడమే సబబని నా అభిప్రాయం.

అపోహ: డీఎన్ఏ కలిస్తే నేరం రుజువైనట్టే.

వాస్తవం: డీఎన్ఏ ఎవరిదో చెబుతుంది, అక్కడికి ఎప్పుడు, ఎలా వచ్చిందో చెప్పదు. కుదురు లేని వెంట్రుక నుంచి సాధారణంగా తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్ఏ మాత్రమే దొరుకుతుంది, అది తల్లి వైపు బంధువులందరిలోనూ ఒకటిగానే ఉండవచ్చు.

అపోహ: ల్యాబు నివేదికే తీర్పు.

వాస్తవం: చట్టం దృష్టిలో అది నిపుణుడి అభిప్రాయం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతి చట్టం) 176(3) సెక్షన్ ప్రకారం, 7 ఏళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, ఆ ప్రక్రియను వీడియో తీయించాలి; దీన్ని అమలు చేసేందుకు రాష్ట్రాలకు 5 ఏళ్ల గడువు ఉంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్నలు రసాయనాల గురించి కావు. పార్సిలు మీద సీళ్లు చెదరకుండా ఉన్నాయా, పోలీసులు పంపిన నమూనా సీలుతో సరిపోయాయా, పంచనామా తేదీకీ ల్యాబుకు చేరిన తేదీకీ మధ్య అది ఎవరి దగ్గర ఉంది అన్నవే అడుగుతారు.