వైకింగ్స్ ఇంట్లో నిండని మూల

2025 మార్చిలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మిన్నెసోటా వైకింగ్స్, కార్నర్‌బ్యాక్ జెఫ్ ఒకూడాతో ఏడాది ఒప్పందం రాసుకుంది. ఆ ఆట పెద్ద లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోకి వచ్చిన అయిదేళ్లలో అతనికిది నాలుగో జట్టు. కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2020లో మూడో పేరుగా పిలిచింది ఇతన్నే. 1997లో షాన్ స్ప్రింగ్స్ తర్వాత కార్నర్‌బ్యాక్‌ను అంత ముందుగా ఎవరూ తీసుకోలేదు. అలాంటివాడు ఏడాది ఒప్పందానికి దొరికాడంటే ఎక్కడో తేడా కొట్టినట్టే. తెలిసి కూడా వైకింగ్స్ ఎందుకు తెచ్చుకుందో అర్థం కావాలంటే ఒకూడా కథకన్నా ముందు ఆ జట్టు కథ చూడాలి.

అంతకన్నా ముందు ఆ పనేంటో ఒక మాట. విసిరిన బంతిని పట్టడానికి పరిగెత్తే ఎదుటి రిసీవర్‌ను అడ్డుకోవడమే కార్నర్‌బ్యాక్ పని. రిసీవర్‌కు తాను ఎటు పరిగెత్తాలో తెలుసు, కార్నర్‌కు తెలియదు. ముందు వెనక్కి వెనక్కి అడుగులేస్తాడు. రిసీవర్ నడుము ఎటు తిరిగిందో చూసి తన నడుమూ అటే తిప్పి పరుగందుకోవాలి. అర అడుగు ఆలస్యమైందా, బంతి తలమీదుగా పోతుంది, స్టేడియం మొత్తం అతన్నే చూస్తుంది. మన కబడ్డీలోనూ కార్నర్ ఉంటాడు కానీ అతనికి పక్కనే కవర్ తోడు. ఇక్కడ చాలాసార్లు ఒంటరి పోరే.

1978 దాకా ఈ పని కాస్త నయంగా ఉండేది. బంతి గాల్లోకి లేచేదాకా రిసీవర్‌ను ఎక్కడైనా తోయొచ్చు, నెట్టొచ్చు. పిట్స్‌బర్గ్ ఆటగాడు మెల్ బ్లౌంట్ ఈ తోపులాటలో ఎంత ఆరితేరాడంటే, అయిదు గజాలు దాటాక ముట్టుకోకూడదని ఆ ఏడాది పెట్టిన రూల్‌ను జనం అతని పేరుతోనే పిలిచారు. 2004 జనవరిలో న్యూ ఇంగ్లండ్ ఆటగాళ్లు ఇండియానపొలిస్ రిసీవర్లను ఊపిరాడనివ్వలేదు. టై లా ఒక్కడే పేటన్ మానింగ్ విసిరిన మూడు బంతులు లాగేసుకున్నాడు. ఆ రూల్‌ను గట్టిగా అమలు చెయ్యాలని లీగ్ అదే ఏడాది రెఫరీలకు చెప్పింది. ఇక రిసీవర్లకు బంతి విసిరే పాస్‌లు పెరిగాయి. ముగ్గురేసి రిసీవర్లు దిగడం మామూలైపోయింది. ఒకప్పుడు ఇద్దరు మంచి కార్నర్లుంటే చాలనుకున్న జట్లకు మూడోవాడూ రోజూ ఆడేవాడే అయ్యాడు. గాయాల లెక్క కూడా వేసుకుంటే అయిదారుగురు కావాలి. అంతమంది మొనగాళ్లు దొరకడం కష్టం.

వైకింగ్స్ డ్రాఫ్ట్‌లో ఈ స్థానానికి పిసినారితనం చూపించలేదు. 2013లో మొదటి రౌండ్‌లో తీసుకున్న జేవియర్ రోడ్స్ నాలుగేళ్లు తిరిగేసరికి లీగ్ మేటి కార్నర్లలో ఒకడయ్యాడు. 2015లో ట్రే వేన్స్ వచ్చాడు. ఆ తర్వాతే దిష్టి తగిలింది. 2018 మొదటి రౌండ్ పిక్ మైక్ హ్యూస్ గాయాలతో కుంటుతూ మూడేళ్లు గడిపాడు. 2021లో కాన్సస్ సిటీకి అతన్ని ఇచ్చి ఆరో రౌండ్ పిక్, అంటే ఆ రౌండ్‌లో ఒకరిని ఎంచుకునే వంతు, తెచ్చుకున్నారు. 2020 మొదటి రౌండ్ పిక్ జెఫ్ గ్లాడ్నీ మీద 2021లో కేసు నమోదైంది, అదే ఏడాది జట్టు వదిలేసింది. కోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు గానీ 2022 మేలో కారు ప్రమాదంలో చనిపోయాడు. 2022లో రెండో రౌండ్‌లో వచ్చిన ఆండ్రూ బూత్ నిలదొక్కుకోలేదు. కొత్తగా తీసుకున్న కైరీ జాక్సన్ కూడా 2024 జులైలో రోడ్డు ప్రమాదంలోనే పోయాడు, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే. అదే నెలలో మరో కార్నర్ మెకీ బ్లాక్‌మన్‌కు శిక్షణ క్యాంప్ మొదలవుతూనే మోకాలి లిగమెంట్ తెగింది. ఆగస్టులో స్టెఫాన్ గిల్మోర్‌ను పిలిచారు. అప్పటికి అతనికి 34 నిండబోతున్నాయి.

సొంత పెరట్లో మొక్క నిలవనప్పుడు పక్కవాడు పీకి పారేసింది తెచ్చి నాటుకోవడమే. ఒకూడా అలా వచ్చినవాడే.

అతని పతనంలో అతని తప్పెంత అన్నది నాకెప్పుడూ తేలలేదు. డ్రాఫ్ట్‌లో అతన్ని తీసుకున్న డెట్రాయిట్, ఒక నెల ముందే తన మేటి కార్నర్ డేరియస్ స్లేను ఫిలడెల్ఫియాకు పంపేసి, ఆ బరువంతా ఈ కుర్రాడి భుజాన పెట్టింది. కోచ్ మ్యాట్ పట్రీషియాకు మనిషికి మనిషిని కాపలా పెట్టే మ్యాన్ కవరేజ్ అంటే ఇష్టం. మొదటి ఏడాది తొమ్మిది మ్యాచ్‌లు, ఒక్క ఇంటర్‌సెప్షన్ (ఎదుటివాళ్ల పాస్‌ను లాక్కోవడం), ఆపైన ఆపరేషన్. నవంబరు ముగిసేలోపే పట్రీషియా ఉద్యోగం కూడా పోయింది. 2021లో మొదటి మ్యాచ్‌లోనే మడమ వెనక అకిలిస్ స్నాయువు తెగింది. వెనకడుగు వేస్తూ ఒక్కసారిగా నేలను తన్ని మలుపు తిరగడమే బతుకుతెరువైనవాడికి అది చిన్న దెబ్బ కాదు. 2022లో తిరిగొచ్చి చికాగో మీద బంతి లాక్కుని, చివరి గీత దాటి టచ్‌డౌన్ కూడా కొట్టాడు. సీజన్ చివరికి స్థానం మళ్లీ చేజారింది. 2023 ఏప్రిల్‌లో అట్లాంటా అయిదో రౌండ్ పిక్ ఇచ్చి తీసుకెళ్లింది, మరుసటి ఏడాది హ్యూస్టన్.

మిన్నెసోటాలో డిఫెన్స్ నడిపేది బ్రయన్ ఫ్లోరెస్. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి అతను పంపినంతమందిని పంపే కోచ్‌లు తక్కువ. వెనకాల కార్నర్లు ఎక్కువగా జోన్‌లో, అంటే మనిషిని కాకుండా తమ వంతు చోటును కాస్తూ, బంతి విసిరేవాడి వైపే చూస్తూ నిలబడతారు. అరిజోనా నుంచి వచ్చిన బైరన్ మర్ఫీ ఈ పద్ధతిలోనే 2024లో ఆరు ఇంటర్‌సెప్షన్లు పట్టాడు. ఒకూడాకూ ఇది కలిసొస్తుందేమోనన్నదే అప్పటి ఆశ. తప్పినా పోయేది ఏడాది జీతమే అనుకున్నారు.

ఇలాంటి లాటరీ టికెట్‌ను వైకింగ్స్ ఒకసారి చేతిలో ఉంచుకుని వదిలేసింది కూడా. 2024 ఆగస్టులో బూత్‌ను డాలస్‌కు ఇచ్చి కార్నర్ నాషన్ రైట్‌ను తెచ్చుకున్నారు. అతనూ అక్కడ కుదురుకోలేకపోయిన మూడో రౌండ్ పిక్కే. మిన్నెసోటాలోనూ పెద్దగా ఆడించలేదు. 2025లో చికాగో చేరాడు. సెప్టెంబరు 8న సీజన్ మొదటి మ్యాచ్‌లో ఎదురుగా ఉన్నది వైకింగ్సే. రైట్ వాళ్ల క్వార్టర్‌బ్యాక్ పాస్‌ను మధ్యలోనే లాక్కుని, 74 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ మ్యాచ్‌ను 27-24తో వైకింగ్సే గెలిచారు కాబట్టి మిన్నెసోటాలో దాని గురించి పెద్దగా ఎవరూ నోరెత్తలేదు.