ఇంట్లో బీరు తయారీ: అపోహలు - వాస్తవాలు

మొదటిసారి బీరు చేయబోయేవారు నన్ను ఎక్కువగా పరికరాల గురించి, బీరుకు చేదు, సువాసన ఇచ్చే హాప్స్ పూల రకాల గురించి అడుగుతారు. ఈస్ట్ గురించి అడిగేవారు అరుదు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ (మాల్ట్) నుంచి తియ్యటి రసం తీసి, హాప్స్ వేసి మరిగించడం వరకే మన పని. వోర్ట్ అనే ఆ రసాన్ని బీరుగా మార్చేది ఈస్టే.

అపోహ: ఎయిర్‌లాక్‌లో (పులిసే బకెట్ మూతకు బిగించే, గ్యాస్‌ను బయటికి వదిలే నీటి గొట్టం) బుడగలు ఆగాయంటే పులియడం పూర్తయినట్టే.

వాస్తవం: అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. మూత సరిగా బిగియకపోతే గ్యాస్ పక్కల నుంచి పోతుంది, బుడగలే కనిపించవు. గది వేడెక్కితే పులియడం ముగిశాక కూడా బుడగలు వస్తాయి. నమ్మవలసింది ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్‌ను. మొదటి రోజు 1.050 చూపిన వోర్ట్, ఈస్ట్ చక్కెరను తినేకొద్దీ 1.010 దగ్గరికి దిగుతుంది. రెండు మూడు రోజులు వరుసగా అదే అంకె కనిపిస్తేనే సీసాల్లో నింపాలి. (ఆ రెండు అంకెల తేడాను 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం తెలుస్తుంది. ఇక్కడ సుమారు 5.2.)

నా రెండో విడతలో బుడగలు ఆగగానే సీసాలు నింపేశాను. లోపల ఇంకా పులుస్తూ గ్యాస్ పెరగడంతో పది రోజుల తర్వాత అర్ధరాత్రి అల్మారాలో ఒక సీసా పేలింది. తలుపు తెరిస్తే గాజు పెంకు ఒకటి చెక్కలో దిగబడి ఉంది. ఆ సమయానికి తలుపు తెరిచి ఉంటే అది ఎవరికి తగిలేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. సీసాలో గ్యాస్ పట్టడానికి వేసే చక్కెరనూ చెంచాలతో కొలవకండి. లీటరుకు సుమారు 6 గ్రాములు, తూచి వేయండి.

అపోహ: ఇంట్లో చేసిన బీరు తాగితే కళ్లు పోతాయి.

వాస్తవం: ఈ భయం మిథనాల్ అనే విష ఆల్కహాల్ కలిసిన కల్తీ సారా వల్ల వచ్చింది. బీరు తయారీలో మరిగించి ఆవిరి పట్టి సారా తీయడం ఉండదు, ధాన్యం పులిసినప్పుడు ఏర్పడే మిథనాల్ అత్యల్పం. అయితే ఇంట్లో బీరు చేసుకోవడానికి చట్టం అనుమతిస్తుందా అన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ముందు అది తెలుసుకోండి.

అపోహ: గిన్నెలన్నీ సబ్బుతో తోమితే చాలు.

వాస్తవం: వోర్ట్ మరిగే గిన్నెకు చాలు. చల్లారిన వోర్ట్‌ను తాకే ప్రతి వస్తువుకూ, గొట్టం నుంచి గరిటె దాకా, శానిటైజర్ తప్పనిసరి. బకెట్ కుళాయిని ఒకసారి విప్పి చూడండి. పైకి తళతళలాడుతున్నా మరచుట్ల సందుల్లో గోధుమరంగు జిగురు పేరుకుని ఉంటుంది. పుల్లబడిన బీరుకు మూలం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

అపోహ: గది 20 డిగ్రీలుంటే బీరూ 20 డిగ్రీలే.

వాస్తవం: పులిసేటప్పుడు ఈస్ట్ వేడి పుట్టిస్తుంది. బకెట్ లోపల గదికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఏల్ అనే రకం బీరుకు వాడే ఈస్ట్‌లు చాలావరకు 18 నుంచి 22 డిగ్రీల మధ్య చక్కగా పనిచేస్తాయి. అది దాటితే గొంతులో మండే ఘాటు వస్తుంది, ఎన్నాళ్లు నిల్వ ఉంచినా పూర్తిగా పోదు. బకెట్‌ను నీళ్ల తొట్టిలో నిలబెట్టి, తడిగుడ్డ చుట్టండి. మొదటి మూడు రోజులే కీలకం.

అపోహ: నల్లటి బీరుకు మత్తు ఎక్కువ.

వాస్తవం: ఆ రంగు మాడేలా వేయించిన మాల్ట్‌ది. మత్తు, ఈస్ట్ తిన్న చక్కెరను బట్టి ఉంటుంది.

అపోహ: మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో చేస్తే అది అసలు బీరు కాదు.

వాస్తవం: అదీ బార్లీ రసమే, నీరు ఇగిర్చి చిక్కబరిచారంతే. మొదటి రెండు మూడు విడతలు దానితోనే చేయమంటాను. ధాన్యం నానబెట్టే పని లేకపోతే మీ దృష్టంతా శుభ్రత మీద, ఈస్ట్ మీద నిలుస్తుంది.